పాస్టర్‌గారి మామిడి ఐస్

వారమంతా పథ్యం చేసే మా ఆయనకు సోమవారం పొద్దున్నే షుగర్ ఎందుకు పెరుగుతుందన్నది ఏడేళ్లుగా నా సందేహం. సవాయీ దీవిలో మా ఆయన పాస్టరు. ఆదివారం ఆరాధన కాగానే ఊరంతా మాకు వండి పంపుతుంది. పొరుగింటావిడ పంపే పళ్ల ఐస్ చేయడం నేర్చుకుందామని ఆ శనివారం ఆమె వంటింటికి వెళ్లాను. గడ్డకట్టిన మామిడి, అరటి ముక్కలు రుబ్బుతోంది.

"వదినా, అందులో ఏం పోస్తున్నావు?"

"కండెన్స్‌డ్ మిల్క్, పాస్టరమ్మగారూ. రెండు డబ్బాలు."

"దేవుడా! ఉత్త పళ్లేనన్నావు కదా!"

"మా పిల్లలకైతే ఉత్త పళ్లే. దేవుని సేవకుడికి చప్పగా పంపితే ఊళ్లో నా పరువేం కాను?"

"ఆయనకు షుగరు, వదినా. ఎడమ కన్ను మసకబారింది."

ఆమె పోయబోతున్న డబ్బాను పక్కన పెట్టేసింది.

"షుగరా! ఏడేళ్లూ నోరు విప్పలేదేం?"

"ప్రేమగా పంపినదాన్ని వద్దంటే నీ మనసు నొచ్చుకోదూ?"

"నొచ్చుకుంటే నొచ్చుకునేదాన్ని! కన్ను మిగిలేది కదమ్మా! ప్రతివారం ఐస్ ఎలా ఉందని అడిగితే మీరు నవ్వి ఊరుకునేవారు."

ఇన్నేళ్లుగా ఆమెకు బాకీపడ్డ జవాబు అప్పటికి నా నోట వచ్చింది.

"తీపి ఎక్కువగా ఉంది, వదినా. మీ పిల్లలు తినేదే మాకూ పంపు."