జాగ్వార్ కారు, అర్బాబ్ నోట్లో ఖర్జూరం

ఎండాకాలం మధ్యాహ్నం సైట్ పని ఆపే వేళకు, అరబ్బు దేశంలోని సహం ఊళ్లో పనిచేసే మన కూలీలంతా ఎహసాన్ చాయ్ దుకాణం నీడకు చేరతారు. ఆ రోజు అక్కడ ఒక పాత జాగ్వార్ కారు కూడా ఉంది, దుమ్ము పడకుండా నిలువెల్లా గుడ్డ కప్పుకుని. దాన్ని ఏళ్లుగా నడుపుతున్న ఖమరుద్దీన్ ఇక నిజామాబాద్ వెళ్లిపోతున్నాడు. వాళ్ల అర్బాబ్‌కు, అంటే యజమానికి, కొత్త డ్రైవర్ కావాలి. సిమెంటు బస్తాలు మోసి నడుం పట్టేసిన ఇస్తారి చెవిన ఈ మాట పడింది. ఏసీ రూమ్, నీడపట్టున డ్యూటీ! ఇక నోరు ఆగుతుందా?

"నాకు ఈ బండి కొత్త గాదు, ఖమర్ భాయ్. షినాస్‌ల మా పాత అర్బాబ్‌కు అచ్చం గిసొంటిదే ఉండె. ఇప్పటియి బండ్లా? రేకు డబ్బాలు. ఇంగ్లండోళ్లు చేసింది బండంటే! ముందట ముక్కు ఎంత పొడుగంటే, అది ఊరు దాటినంక జర సేపటికి గని మనం దాటం. ఒకనాడు కడిగి, గేటు దాక నడిపి పెట్టిన. గంతే."

"గంతేనా కాకా?" అన్నాడు అతని రూమ్‌లోనే ఉండే సురేందర్, నిరాశగా.

"గంతే అయితే చెప్పుడెందుకురా? నా చెయ్యి తీరు జూసి అర్బాబ్ నన్నే నడుపుమన్నడు. రోడ్డెక్కి హారన్ కొట్టిన. సప్పుడు రాలె. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? దుకాణం కాడ ఆపి చాయ్ తాగుతుంటే ఎనక నుంచి పీపీ అనుకుంట వచ్చింది. మా హారనే! బండిని అందుకోలేక ఎనకబడ్డది పాపం."

అందరూ నవ్వారు. ఖమరుద్దీన్ మాత్రం చాయ్ ఊదుకుంటున్నాడు. ఇస్తారికి గుబులు పుట్టింది. మోతాదు చాలలేదనుకున్నాడు.

"గది సిన్న ముచ్చట. రంజాన్ నెల. పొద్దు గూకింది. అర్బాబ్ రోజా ఇడుస్తందుకు ఖర్జూరం నోట్లె ఏసుకొని, బురైమీకి పోనియ్‌మని సైగ జేసిండు. బురైమీ పడమటికి గదా! తొక్కిన. గుట్టలు అటిటు జరిగి తొవ్వ ఇచ్చినయ్. దాటంగనే ఎదురుంగ ఏమున్నది? పొద్దు! మునిగిన పొద్దును మళ్ల అందుకున్నం."

"మరి ఖర్జూరం?" అన్నాడు సురేందర్.

"గదే గోస! మింగితే రోజా పోతది. ఎనకకు తిప్పుమని ఒకటే చేతులూపుడు. తిప్పితినా, ఆ జోరుకు షినాస్‌ల రాత్రి మొత్తం దాటిపోయి తెల్లారింది! ఇంగ మళ్ల పొద్దుగూకెదాక ఆ ఖర్జూరాన్ని బుగ్గల పెట్టుకొని కూసున్నడు పెద్దమనిషి."

ఖమరుద్దీన్ గ్లాసు కింద పెట్టి లేచాడు. కారు మీది గుడ్డ లాగేశాడు. తాళంచెవి ఇస్తారి చేతిలో పెట్టాడు.

"అన్నా, జర ఒక చక్కర్ కొట్టి సూపెట్టు."

దుకాణమంతా లేచి నిలబడింది. ఇస్తారి కాలర్ సర్దుకున్నాడు. బానెట్ మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, ఈ దేశంలో డ్రైవర్లందరూ ఎక్కినట్టే ఎడమవైపు తలుపు తీసి, దర్జాగా కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచాడు.

చేతులకు ఏమీ తగల్లేదు. ఎదురుగా చిన్న సొరుగు మూత ఉంది. స్టీరింగ్ మన ఊరి బండ్లకు లాగే కుడివైపున ఉంది.

ఖమరుద్దీన్ ఆ వైపు తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇస్తారి చేతిలోంచి తాళంచెవి తీసుకుని బండి స్టార్ట్ చేసి, వినయంగా తల వంచాడు.

"ఎటు పోనియ్యాలె, అర్బాబ్?"

ఇస్తారి చాచిన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా సైట్ కాడ దింపు," అన్నాడు.