గుంత దగ్గరి నవ్వు

అరబ్బు దేశంలోని సలాలా రేవు సైట్‌లో గుంత కూలిపోయి, కూలీ పెద్దులు తమ్ముడు గంగన్న మట్టి కింద చిక్కుకుపోయిన మర్నాటి మధ్యాహ్నం అది. జపాన్ ఇంజనీర్ల మాటలు కూలీలకు విడమరిచి చెప్పే హైదరాబాదీ వహీద్ వచ్చి, రేకుల నీడలో పెద్దులు పక్కన కూర్చున్నాడు.

"పొద్దున మీటింగుల నా తమ్ముని పీనుగునన్న తీసియ్యమని అడిగితె, ఆ జపానోళ్లు ఎందుకు నవ్విండ్రు, వహీద్ భాయ్?"

"సంబురంతోని కాదన్నా. నోటికి మాట రాకుంటె వాళ్లు గట్లనే నవ్వుతరు."

"ఒక్కడు కాదు. పెద్దసారు నవ్వంగనే బల్ల చుట్టు కూసున్నోళ్లందరు నవ్విరి."

"పెద్దసారు ఒక్కడే తల దించుకునుడు వాళ్లకు పెద్ద సిగ్గు. అందుకే అందరు కలిసి నవ్వుతరు. ఆ నవ్వు అయినంకనే గద, గుంత పూడ్వకుండ తవ్వుతమని ఒప్పుకున్నరు."

"ఒప్పుకున్నరు. కని ఆ నవ్వు నా చెవులల్ల నుంచి పోతలేదు. కండ్లు మూస్తె, మట్టి కింద తమ్ముడు గూడ దాన్నే ఇంటున్నట్టు అనిపిస్తది."

వహీద్ కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు. అతని బూట్లకు అంటిన తడిమట్టిని పెద్దులు అప్పుడు చూశాడు.

"గుంత కాడికెల్లే వస్తున్నవా?"

"అవునన్నా."

"దొరికిండా అని అడిగినవా?"

"పెద్దసారునే అడిగిన."

"ఏమన్నడు?"

వహీద్ వంగి బూటుకున్న మట్టిని గోటితో గీకసాగాడు.

"నవ్విండా?"

"నవ్విండన్నా."

పెద్దులు భుజం మీది తువ్వాలను నడుముకు బిగించి లేచాడు.

"నడువు. వేరేటోళ్లు ముట్టకముందే వాణ్ని నేనే ఎత్తుకుంట."