ప్రకాశం సారు ఆపిన గొడవ

పోలింగు అయిదింటికే ముగిసింది. ఆరవుతున్నా ప్రభాకర్ జాడ లేదు. పొద్దున ఆయన ఎన్నికల డ్యూటీ చేస్తున్న ఊళ్లో, పెద్దముడియం అవతల, రెండు వర్గాలోళ్లు బాంబులు విసురుకున్నారని కబురు. ఆ ఊరికున్న ఒక్క ఫోనూ అప్పటినుంచి మోగడం లేదు. అందుకే ఆయన భార్య దేవకుమారి ప్రొద్దుటూరులో అమీనాబీ టీ అంగడి ముందు నిలబడి, ప్రకాశం సారు చేతిలోని రేడియో సెట్టునే చూస్తోంది. ఎన్నికల కబుర్లు అందించే పని, సరదాకు వైర్‌లెస్ సెట్లు నడిపే హామ్ రేడియో క్లబ్బోళ్లకు అప్పజెప్పారు. క్లబ్బోళ్లు ఈ సారుకు సెట్టు ఇచ్చారు. నోరు ఆయనకు పుట్టుకతోనే ఉంది.

సింహాద్రిపురం ఓటు మిషన్లు చేరినాయి, పులివెందుల మిషన్లు చేరినాయి అని సెట్టు చెబుతూనే ఉంది. ఆ ఒక్క ఊరి మాటే లేదు.

"భయపడాకమ్మా. జమ్మలమడుగు కొండమీద మా రిపీటర్ ఉండాది. ఈ చేతిలోంచి పోయే సన్న మాటను పట్టి ఊరూరికీ గట్టిగా విసురుతాది. దాన్ని ఇంటర్‌నెట్టుకు గూడా కలిపినాము, కొలంబో దాకా పోతాది. కబురుంటే సెట్టే అరుస్తాది. పోయిన పంచాయితీ ఎలక్షన్లలో అదే ఊళ్లో గొడవ ఆపింది ఎవరనుకున్యారు?" అంటూ సారు సెట్టును పిడికిట బిగించాడు.

"నువ్వేలే సార్, చెప్పు," అంది అమీనాబీ, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"నేనే. మొదట నేను చేసింది శానా చిన్న పని. ఇటు పదిమంది, అటు పదిమంది నిలబడినారు, పోలీసోళ్లను పిలుద్దామని మాట్లాడినా. ఒకరే మూడు నిమిషాలు దాటి మాట్లాడితే రిపీటర్ నోరు మూసేస్తాది, నా మాటకు మూడు నిమిషాలేందని ఆ కట్టడి అంతకు ముందే తీయించినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జీపుకు డీజిల్ లేదన్యారు పోలీసోళ్లు! సరే అని బెంగుళూరును అందుకున్యా, బెంగుళూరు కొలంబోను లేపింది, కొలంబో జపానును లేపింది..."

"జపానోళ్లు డీజిల్ పంపినారా?" అన్నాడు బెంచీ మీది ఆదినారాయణ.

"వినప్పా! పైన ఆకాశంలో తిరిగే స్టేషన్లో గూడా హామ్‌లు ఉంటారు. వాళ్లు కిటికీలోంచి తొంగి చూసి, 'సార్, మీ ఎడమ పక్క చెనిక్కాయ చేన్లో పదారుమంది దాక్కోని ఉండారు, ఒకనికి చెప్పు తెగింది' అని చెప్పినారు."

"చెప్పు గూడా కనపడిందా మామా?" అన్నాడు ఆదినారాయణ.

"ఏ కాలిదో గూడా చెప్పినారు! అప్పటికి బాంబులు గాల్లోకి లేచినాయి. నేను సెట్టు ఎత్తి ఒక్క కేక పెట్టినా. నా తరంగాలు తగిలి బాంబుల్లో మందు తడిసిపోయి, గుమ్మడికాయల మాదిరి టపటపా రాలినాయి. రెండు పార్టీల నాయకులూ నా ముందర చేతులు కట్టుకోని, 'సార్, ఇంగ మా రెండు పార్టీలకూ నువ్వే నిలబడు' అని..."

"సార్," అంది దేవకుమారి. "మా ఆయన సంగతి?"

"సెట్టు అరవలేదంటే ఏం జరగలేదనేనమ్మా."

"ఇంతసేపూ నిమిషానికొక కబురు వచ్చింది. నువ్వు కథ ఎత్తుకున్నంక ఒక్కటీ రాలేదు. ఆ ఎర్రలైటు ఏంది? నీ బొటనవేలు యాడ పెట్టుకున్యావు?"

సారు చూసుకున్నాడు. మాట్లాడేటప్పుడు నొక్కాల్సిన బొత్తాం మీద వేలు తిష్ఠ వేసుకుని ఉంది. నొక్కి ఉన్నంతసేపూ ఇక్కడి మాట పోవడమే కానీ అక్కడి మాట రాదు.

"వేలు తియ్ సార్!"

తీశాడు. వెంటనే జమ్మలమడుగులో క్లబ్బు సెట్టు చూసే రషీదా గొంతు సెట్టు పగిలేటట్టు వచ్చింది.

"అప్పా ప్రొద్దుటూరూ! ఇంగన్నా వదిలినావా? ఆ బొత్తాం నొక్కిపట్టుకోని ఊరందరి నోరూ కట్టేసినావే! కొలంబో ఆయనకు తెలుగు రాదు, ఎవరో ఆపదలో పడి కేకలు పెడతాండారని ఆడ పోలీసులకు ఫోన్ చేయబోయినాడు. ప్రభాకర్ సారు బస్సు ఈడికి వచ్చి అయిదు నిమిషాలయింది. దారిలో చెట్టు నరికి అడ్డమేసింటే చుట్టు తిరిగొచ్చినారు. మోచెయ్యి గీసుకునింది, అంతే. ఇదో, మాట్లాడు."

"దేవీ, నేను బాగుండా," అంది ప్రభాకర్ గొంతు. "మిషన్లు అప్పజెప్పి వస్తా."

దేవకుమారి సెట్టు లాక్కుంది. పొద్దుటినుంచి బిగబట్టిన ఏడుపు ఒక్కసారి వచ్చింది, దాని వెనకాలే నవ్వు. "అన్నం తిన్యావా?" అని మాత్రం అడగగలిగింది.

"ఇంగా లేదు."

"అయితే బిన్నా రా, ఆలస్యం చేయాక."

అప్పుడు కూర్చుంది, ఆ రోజుకు మొదటిసారి. సెట్టు మాత్రం సారుకు ఇవ్వలేదు, అమీనాబీ గల్లాపెట్టె మీద పెట్టింది.

"ఇది నీ దగ్గరుండనీ అక్కా. సారుకు టీ ఇయ్యి. రెండు చేతులా పట్టుకుంటే గానీ ఆగని పెద్ద లోటాలో ఇయ్యి."