మా ఆయన కూడా

అది కాదు వదినా, ముందు ఆ కుట్టుమిషను ఆపండి. ఆపకపోయినా సరే, వింటున్నారుగా. తప్పు నాదేనని గుమ్మంలోనే చెప్పాను కదా, ఇంకా అలా ముఖం పక్కకి తిప్పుకుంటే నేనేం చెయ్యను? మీ తమ్ముడు మొన్నట్నుంచి మీ మేడ దిగట్లేదు. ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానంటారు. ఆదివారం పూట స్కూలు బస్సుకి డ్యూటీ ఏంటి, మీరే చెప్పండి.

అసలేం జరిగిందో మీతో అన్నారా? అనలేదా. అనరు లెండి, ఆయన సంగతి మీకు తెలియందేముంది. నేనే చెప్తాను.

మా ఆఫీసులో ఫోన్లో ఆడుకునే ఆటలు తయారు చేస్తాం కదా. ఈసారిది కార్ల ఆట. పార్కింగులో కార్లన్నీ అడ్డదిడ్డంగా ఇరుక్కుపోయి ఉంటాయి. ఒక్కోటీ జరుపుకుంటూ ఎర్ర కారుని గేటు దాటించాలి. లెవెల్ మారేకొద్దీ కష్టం పెరుగుతుంది. సులువు, మధ్యరకం, కష్టం అని రాస్తే ఎవడు చూస్తాడు, నవ్వొచ్చే పేర్లు పెట్టమన్నాడు మా మేనేజరు. పెట్టాను. రెండో లెవెల్ 'పక్కింటావిడ చెప్పేసింది'. మూడోది 'సెలవు అడిగి చూడు'. అన్నిటికన్నా కష్టమైంది 'తాళంచెవి లోపల, మనం బయట'. బాగున్నాయి కదా? మీరు నవ్వరని తెలుసు, ఊరికే అడిగా.

మొదటిది మాత్రం బాగా సులువుగా ఉండాలి. ఎంత సులువుగా అన్నది ఎలా తెలుస్తుంది? ఇలాంటివి ఎప్పుడూ ఆడని వాళ్ల చేత ఆడించి చూడాలి. మా ఇంట్లో ఉన్నారుగా ఒకరు. భోజనాలయ్యాక ఫోన్ ఆయన చేతికిచ్చేదాన్ని. కళ్లజోడు పెట్టుకుని, నాలిక పళ్ల మధ్య పెట్టుకుని, ఆ కారు అటు, ఈ కారు ఇటు... ఎర్ర కారు బయటికొస్తేగా. అంత పెద్ద బస్సుని సందులో వెనక్కి తీసే మనిషి వదినా. మర్నాడు నేనొక కారు తగ్గించి తెచ్చేదాన్ని. మళ్లీ ఇరుక్కునేవారు. మళ్లీ తగ్గించేదాన్ని. "నా ఆట నీకేమైనా పనికొస్తోందా?" అనేవారు. మీరు లేకపోతే ఈ లెవెలే లేదండీ అనేదాన్ని. అది అబద్ధం కూడా కాదు.

ఆయన గెలిచిన మర్నాడు ఆఫీసుకెళ్లి, "మా ఆయన కూడా గెలిచారు, ఇక తగ్గించక్కర్లేదు" అన్నాను. గదంతా ఒకటే నవ్వు. ఇక ఆ లెవెల్‌కి అదే పేరు పడిపోయింది, 'మా ఆయన కూడా' అని. తాత్కాలికంగానే లెండి. పని నడిచేటప్పుడు ఏదో ఒక పేరు రాసుకుంటాం, ఆట బయటికి వదిలే ముందు మార్చేస్తాం. దీనికి 'కాఫీ చల్లారేలోపు' అని వేరే పేరు కూడా సిద్ధంగా ఉంది. హడావుడిలో మార్చడం మర్చిపోయాను. అలాగే బయటికి పోయింది.

ఆయనేం చేశారో తెలుసా? బస్సుల షెడ్డులో ఒక్కో డ్రైవరు ఫోనూ తీసుకుని దగ్గరుండి ఆటని ఎక్కించారు. మా ఆవిడ చేసింది, నేనూ ఓ చెయ్యి వేశానని చెప్పుకున్నారట. వాళ్లలో ఒకాయన తెరిచి మొదటి లెవెల్ పేరు పైకి చదివాడు. ఇంకేముంది. బస్సు తీస్తావు గానీ బొమ్మ కారు తీయలేవా అని పట్టుకున్నారట. ఆయనా వాళ్లతో కలిసి నవ్వారట. ఇదంతా బస్సులో ఉండే ఆయా చెప్తే తెలిసింది నాకు. ఆయన మాత్రం ఇంటికొచ్చి, భోంచేసి, కంచం కడిగి పెట్టి, అక్కయ్యని చూసొస్తానని ఇటొచ్చేశారు. నాలుగు తిట్టినా బాగుండేది.

లేస్తున్నారేం? మేడ మీదకా? పొరపాటున జరిగిందిరా, పాపం పిల్ల మర్చిపోయిందట అని చెప్తారా?

ఆగండి వదినా. అలా చెప్పకండి.

మర్చిపోలేదు. ఆట వదిలే రోజు, పేర్లు సరిచూసే అమ్మాయి నా దగ్గరికొచ్చి, "అక్కా, దీన్ని మార్చాలి కదా?" అని అడిగింది. చుట్టూ అందరూ నా వంకే చూస్తున్నారు, నవ్వడానికి సిద్ధంగా. ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను అక్కడ, నేను నోరు తెరిస్తే తల తిప్పి చూసినవాళ్లు లేరు. ఆయన మీద జోకులు వెయ్యడం మొదలుపెట్టాకే నన్ను టీకి పిలిచారు. బాగుంది, ఉంచెయ్, అన్నాను. ఆయన ముఖం గుర్తు రాలేదా అంటారా? వచ్చింది వదినా. వచ్చాకే ఆ మాట అన్నాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. పొరపాటని చెప్తే ఆయన వెంటనే చెప్పులేసుకుని నాతో వచ్చేస్తారు, నాకు తెలుసు. వచ్చి, మళ్లీ ఫోన్ ఇవ్వు, ఆడతానంటారు. అది నేను చూడలేను. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రాకపోతే ఒక్కదాన్నే ఇంటికి పోతాను, ఏం చేస్తాం.