ఏట్లో ఎరుపు

నిన్న వేసిన రంగును పొద్దున్నే గీకి దిద్దుకోవడం ఆ చిత్రకారుడికి అలవాటు. కాన్వాసు మీద ఆకాశం, ఏరు, ఒడ్డు మూడు పట్టీలంతే. ఏటి మధ్యలో గోరంత ఎరుపు. కత్తి దాని మీదే ఆనించాడు. టీ పట్టుకొచ్చిన కూతురు గుమ్మంలో ఆగిపోయింది.

"మళ్ళీ దాన్నేనా? బొమ్మంతా దాని మీదే నిలబడింది కదా నాన్నా."

"అందుకే గీకుతున్నా."

"పొద్దున గీకుతావు, సాయంత్రానికి మళ్ళీ వేస్తావు. నెల్లాళ్ళుగా ఇదే వరస."

"కావాలని వెయ్యట్లేదమ్మా. చెయ్యి అక్కడికే పోతోంది."

"తమ్ముడు ఏట్లో పోయిన రోజు వేసుకున్న చొక్కా రంగు. నాకు తెలుసులే."

"నీకు తెలిసింది సగమే. ఆ రోజు ఒడ్డున బొమ్మ వేస్తూ తలెత్తనే లేదని మీ అందరికీ చెప్పాను. ఎత్తాను. చూశాను."

"చూసి?"

"బూడిద రంగు నీళ్ళలో ఆ ఎరుపు ఎంత బాగుందో అనుకున్నాను. అది వాడి చొక్కా అని తట్టనే లేదు. రంగు కలుపుకుని, ఆ చుక్క పెట్టి, మళ్ళీ తలెత్తేసరికి నీళ్ళు ఒక్కటే ఉన్నాయి."

ఆమె టీ కప్పు కిటికీలో పెట్టి, ఆయన చేతిలోంచి కత్తి తీసుకుని, ఏట్లోని ఎరుపును తనే శుభ్రంగా గీకేసింది. కుంచె అందించింది.

"ఈసారి ఒడ్డు మీద వెయ్యి నాన్నా."

"అక్కడ వేస్తే బొమ్మ పాడైపోతుందమ్మా."

"పాడైపోనీ."