పంచాయతీ రేడియోలో వాన కబురు

1955 జూలై. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. పొద్దున, బడి గంట కొట్టకముందు, బడి వసారాలో ఇద్దరు: బడి అయివారు గాబ్రియేలు, మెట్టరైతు శేషన్న.

"ఆ గది బీగం తియ్యి అయివారూ. రేడియో పెట్టె ఒకతూరి సూసిపోతా."

"దాంట్లో సూసేదానికి ఏముండాది శేషన్నా? సాయంత్రం ఆరున్నరకి మాట్లాడతాది గదా, అప్పుడొచ్చి ఇను."

"ఇనేది దినామూ ఇంటానే ఉండా. సూడల్లంటాండా."

"సర్కారోళ్లు సీలేసిన పెట్టెప్పా అది. కర్నూలు రాజధాని అయినాక మనూరికి ఇచ్చినారు. నేను కాపలావాణ్ణి మాత్రమే. ఎవరన్నా ముట్టుకుంటే నా ఉద్యోగం పోతాది."

"ముట్టుకోను. తలుపుకాడ నిలబడి సూస్తా."

"బీగంచెవి మా ప్రేమమ్మ కాడుండాది, ఇంట్లో."

"మీ ఇల్లు యాడుండాది? ఈ గోడకవతలే గదా. పిలువు, తెచ్చిస్తాది."

"పిలుస్తాలే... ఛల్, పో! ఈ పుంజొకటి, రెండు మాటలు మాట్లాడనియ్యదు."

"మా ఇంటామె హంపమ్మ ఇచ్చిన పుంజే గదా అది. మా ఇంటికాడున్నప్పుడూ ఇంతే. పొద్దూ లేదు మాపూ లేదు, కూసిందే కూత."

"హంపమ్మక్క బాగుండాదా? శానా దినాలాయ మాట్లాడి."

"మాట మార్చద్దు అయివారూ. అవతల సోమవారం రేడియోలో ఏం చెప్పినారు?"

"శానా చెప్పినారు. ఢిల్లీ వార్తలు, ఎరువుల సంగతి, ఆడోళ్ల కార్యక్రమం..."

"వాన సంగతి."

"వాన... అక్కడక్కడా జల్లులు పడే సూచనలని..."

"అక్కడక్కడా కాదు. 'రెండు దినాల్లో కర్నూలు తాలూకాలో మంచి వాన కురుస్తుంది. రైతు సోదరులు పొడి దుక్కిలోనే విత్తనం వేసుకోవచ్చు.' మాట మాటా గ్యాపకముండాది నాకు."

"అంత గ్యాపకమా?"

"తెల్లారి ఊరంతా ఇత్తే గొర్రు కట్టె. నేనూ కడితి. దుమ్ములో కొర్రలేసి వస్తిమి. వాన పడితే మొలక, పడకుంటే చీమలపాలు. ఈ పొద్దుకి ఎన్ని దినాలు?"

"తొమ్మిది."

"లెక్క నువ్వూ పెట్టుకున్నావే! పొద్దున చేనికి పోతి. చాళ్లెంబడి చీమలు బారు కట్టినాయి. ఒక్కోటి ఒక్కో గింజ మోసుకుపోతాండె. కాలితో తొక్కితే ఎన్నని తొక్కుతాము? కూర్చొని సూసి వస్తి."

"వాన సంగతి చెప్పేటోళ్లు గూడా మనుషులే శేషన్నా. ఒకోసారి తప్పిపోతాది."

"యాడుంటారు ఆయప్పలు?"

"యాడనో... బెజవాడలోనో, మద్రాసులోనో..."

"ఊఁ. మా ఇంటిముందర బండి కట్టినారు, సూస్తివా?"

"బండేంటికి?"

"కొడుకూ కోడలూ కాలువ పనికి పోదామంటాండారు. మూడేండ్ల కిందట గంజి కేంద్రంకాడ ముంత పట్టుకొని నిలబడితిమి, ఇంకోతూరి నేను నిలబడను అంటాడు వాడు. మా ఈదిలోనే ఇంకా నాలుగు బండ్లు కడతాండారు. ఆ కరువులో పోయిన మా తమ్ముడు శ్రీనివాసులు ఈ పొద్దుకీ రాలే అయివారూ. బతికుండాడో లేదో తెలీదు."

"హంపమ్మక్క ఏమంటాది?"

"ఎక్కనంటాది. 'ఈ పొద్దు సాయంత్రం రేడియో ఇంటా. వాన అంటే ఉంటా, కుండలో మిగిలిన గింజలు మళ్లా ఏస్తా. లేదంటే బండెక్కుతా' అంటాది."

"రేడియో మీద ఆశ పెట్టుకునిందా?"

"ఊరు ఊరంతా పెట్టుకునింది."

"వద్దని చెప్పు శేషన్నా. రేడియో మాట నమ్మద్దని చెప్పు."

"ఏంటికి?"

"వద్దంటే వద్దు. అంతే."

"ఏంటికని అడుగుతాండా."

"శేషన్నా... రేడియో చెడిపోయి నాలుగు నెల్లాయ."

"ఊఁ."

"ఊఁ అంటావేమప్పా! చెడిపాయ అంటాండా. మీరు ఇంటాండేది బెజవాడ కాదు. నేను. లోపల కూర్చొని నేను మాట్లాడతాండా."

"ఎట్ల చెడిపాయ?"

"నేనే చెడిపితి. సిలోను పాటలు వస్తాయేమోనని రాతిగుట్ట మీదికి పొడుగు తీగ లాగినా. అయినా రాలే. లోపలేముందో సూడల్లని చెయ్యి ఒకటే దురద. సీలు ఇప్పేస్తి. ఆ వాల్వులు ఎర్రగా వెలుగుతాంటే పిల్లోని మాదిరి అయిపోతి శేషన్నా, అన్నం మరిచిపోతి. బ్యాటరీ తీగలు ఇప్పి మళ్లా తగిలించేటప్పుడు ఇటుది అటు తగిలిస్తి. ఫట్టుమని ఒక వాల్వు కాలిపాయ."

"కర్నూలుకి కబురు పెట్టకపోతివా?"

"సీలెవరు ఇప్పినారంటారు. ఏం చెప్పల్ల? ఆ సాయంత్రం మీరంతా వచ్చి కూర్చుంటిరి. హంపమ్మక్క ముందర వరసలో. చెడిపోయిందని చెప్పల్లనే బయటికొస్తి. అందరూ తలెత్తి గోడమీది ఆ మైకు కొమ్ము దిక్కే సూస్తాండారు. మళ్లా లోపలికి పోతి."

"పోయి?"

"గొంతు పెంచే వాల్వు బాగుండాది. నాకాడ పాత టెలిఫోనులో మాట్లాడే ముక్కొకటి ఉండె. దాన్ని తగిలించి పాత పేపరు చదివేస్తి. ఆ ఒక్కపొద్దుకే అనుకుంటి. మర్నాడు ఇంకా శానామంది వస్తిరి."

"ఆ వ్యవసాయాధికారి?"

"నేనే."

"ముక్కుతో మాట్లాడే ముసలాయన?"

"నేనే. ముక్కు పట్టుకొని."

"సద్దరొట్టె ఎట్ల మెత్తగా చెయ్యల్లనో చెప్పిన ఆయమ్మ?"

"ప్రేమమ్మ. శానా బతిమాలితే వచ్చింది. బాగ చెప్పింది గదా?"

"బాగ చెప్పింది. మరి ఆ నాటకం? అన్నదమ్ములు పోట్లాడుకుంటాంటే వాన పడే నాటకం? అది ఇని మా హంపమ్మ ఏడ్చింది."

"ఏడ్చిందా! నేను రాసిందే శేషన్నా. మూడు రాత్రుళ్లు కూర్చొని రాస్తి. నాలుగు గొంతులూ నావే."

"వాన చప్పుడు?"

"చాటలో గింజలు పోసి అటూ ఇటూ మెల్లగా ఆడిస్తి. టెలిఫోను ముక్క దగ్గర పెట్టి. మొదట ఇసుక పోసి సూస్తి, సరిగ్గా రాలే."

"ఏం గింజలు?"

"కొర్రలు. ఒక గిద్దెడు."

"కొర్రలతో వాన చేస్తివి."

"అట్ల అనద్దప్పా. పదైదేండ్లు ఎక్కాలు చెప్పిన గొంతు నాది. ఆ కొమ్ములోనుంచి వస్తాంటే నాకే కొత్తగా ఉండె. నిజం చెప్తాండా, శానా సంతోషపడితి. ఇన్నేండ్లలో అంత సంతోషం ఎరగను. ఆ సంతోషమే నన్ను చెడిపింది."

"వాన మాట యాడిది?"

"పేపరులో ఏముంటే అదే చెప్పేవాణ్ణి. ఆ సోమవారం బస్సు రాలే, పేపరూ రాలే. నల్లమల దిక్కు మబ్బుండె. కిటికీ సందులోనుంచి మీ మొగాలు కనపడతాండె. వాన లేదని చెప్పలేకపోతి."

"సరే, వానొస్తాదంటివి. ఇత్తనమేసుకోమని ఏంటికంటివి?"

"ఊపులో వచ్చేసె శేషన్నా. అధికారి గొంతుతో మాట్లాడతాంటి గదా, అధికారి మాదిరే నోట్లోనుంచి వచ్చేసె. అనినాక నాలిక కరుచుకుంటి. అప్పటికే మీరు లేచి గొర్రు సంగతి మాట్లాడుకుంటాండారు."

"ఊఁ."

"తొమ్మిది దినాలనుంచి తిండి పోతలేదు. దినామూ మబ్బు కోసం మొగులు సూస్తాండా. ప్రార్థన చేస్తాండా. ఇంక నావల్ల కాదు. ఈ సాయంత్రం అదే కొమ్ములో నిజం చెప్పేస్తా. ఉద్యోగం పోతే పోనీ. మీరు కొట్టినా సరే."

"చెప్పద్దు."

"ఏమంటివి?"

"చెప్పద్దంటాండా. చెప్తే రేపు తెల్లారేసరికి బండ్లన్నీ కదుల్తాయి. ఊరిలో ముసలోళ్లు మిగుల్తారు, కుక్కలు మిగుల్తాయి. ఎవరికి చెప్తావు నీ ఎక్కాలు?"

"మరి ఏం చెప్పమంటావప్పా?"

"మూడు దినాల్లో వాన అని."

"శేషన్నా! మళ్లా అబద్ధమా? హంపమ్మక్క నమ్మి ఉన్న నాలుగు గింజలూ దుమ్ములో పోస్తే మీరేం తింటారు? పోయిన తూరి ఊపులో అంటి. ఈ తూరి తెలిసి ఎట్ల అనల్ల? ఏమీ తెలీనోళ్లను ముంచినట్టు గాదా?"

"తెలీనోళ్లెవరు?"

"హంపమ్మక్క. మీరందరూ."

"హంపమ్మకు నాలుగు నెల్లనుంచీ తెలుసు."

"ఏం తెలుసు?"

"మూడో దినం సాయంత్రం, ఢిల్లీ వార్తల నడుమ పుంజు కూసె. కొమ్ములోనుంచి. పక్కనున్న గిడ్డమ్మ కిసుక్కుమని నవ్వె. 'అది నా పుంజే, ఢిల్లీకి ఎప్పుడు పాయనో' అనె మా హంపమ్మ. ఆ పొద్దే ఊరందరికీ తెలిసిపాయ."

"అందరికీనా?"

"అందరికీ. తెలీనోడివి నువ్వొక్కనివే."

"మరి ఒక్కరన్నా అడగకపోతిరే!"

"అడిగితే నిలిపేస్తావు గదా."

"నేనని తెలిసి... నేనని తెలిసి ఇత్తనమేస్తిరా?"

"ఏస్తిమి."

"ఏంటికప్పా? నాకు మొగులు సంగతి ఏం తెలుసని?"

"ఈ ఏడు వానొస్తాదని ఎవరన్నా అనిరా? పంచాంగం సూసే సామి అనలే. తాసిల్దారు అనలే. నువ్వొక్కనివే అంటివి."

"నాకేం తెలీదు శేషన్నా!"

"మాకు మాత్రం తెలుసునా?"

"మరి పొద్దున్నే ఆ పెట్టె సూడల్లని ఏంటికొస్తివి? నేనని తెలిసినాక దాంట్లో సూసేదేముండాది?"

"ఏమో అయివారూ. నడుమ ఒక పొద్దన్నా అది బాగయిందేమో, ఆ సోమవారం మాట నీది గాకుండా నిజంగా బెజవాడోళ్లదేనేమో అని... పిచ్చి ఆశ. సర్కారోళ్లు బాగుచేసుంటే కొత్త సీలు ఏసుంటారు గదా, సూస్తే తెలుస్తాది అనుకుంటి."

"నన్నిడిచిపెట్టు శేషన్నా. నావల్ల కాదు."

"నావల్లా కాదు. నేను చెప్తే మా ఇంట్లో బండి ఇప్పరు. కొమ్ములో వస్తే ఇప్పుతారు. పొయ్యొస్తా, నువ్వు గంట కొట్టుకో."

"శేషన్నా, నిలబడు... ఏం చెప్పల్లనో నాకు తెలీదప్పా!"

"ఆరున్నరకి మొదలుపెట్టు, వాన అని చెప్పు. పుంజును మాత్రం గంపకింద మూసిపెట్టు అయివారూ. అది కూస్తే, చెప్పేది నువ్వేనని మాకు గ్యాపకమొస్తాది."