జాబితాలో మొదటి పేరు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా డివిజన్ హెడ్ స్రవంతిగారికి, వేదిక మీది పెద్దలకు, ఈ ఒక్క పూట సీట్లో లేకపోయినా ఎవరూ అడగరన్న ధీమాతో వచ్చి కూర్చున్న మిత్రులకు, ముందు వరసలో ఉన్న మా ఆవిడ పుణ్యవతికి నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లందరూ నన్ను మంచివాడన్నారు. మీరు ఆఫీసులో ఇంటర్నెట్‌లో ఏం చూడాలో, ఏం చూడకూడదో పంతొమ్మిదేళ్లుగా నిబంధనలు రాసినవాణ్ణి, క్రికెట్ స్కోరు మొదలుకొని పెళ్లిసంబంధాల సైట్ల దాకా అన్నిటికీ తాళం వేసినవాణ్ణి, చివరికి గుత్తొంకాయ కూర ఎలా చెయ్యాలో చూడబోయిన నవీన్‌కి ఎర్రక్షరాల హెచ్చరిక చూపించినవాణ్ణి పట్టుకుని మంచివాడంటున్నారంటే, అది ఈ శాలువా మహిమేనండి. నవీన్, ఇంతకీ ఆ కూర ఏమైందయ్యా? (హాల్లోంచి: "మాడిపోయింది సార్." నవ్వులు)

రిటైరై వెళ్లిపోతున్నందుకు బాధగా ఉందా అని పొద్దున్నించి అందరూ అడుగుతున్నారు. లేదండి. హాయిగా ఉంది. ఎవరెవరు ఎన్ని గంటలు ఏం చూశారో ప్రతి సోమవారం పొద్దున్నే నా బల్ల మీదికి ఒక జాబితా వచ్చేది. ఎవరు వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నారో, ఎవరికి ఏ జబ్బు భయం పట్టుకుందో, ఎవరి కాపురంలో గొడవలున్నాయో మీరు చెప్పకుండానే నాకు తెలిసిపోయేది. అందుకే లిఫ్టులో మీరు పలకరిస్తే నేను పైనున్న అంకెలు చూస్తూ నిలబడేవాణ్ణి. పొగరనుకున్నారు. పొగరు కాదండి, సిగ్గు. వచ్చే సోమవారం నుంచి ఆ జాబితా నా సీట్లోకి వస్తున్న మా ఆదర్శ్ బల్ల మీదికి వెళుతుంది. నేను ఇంట్లో రెండో కాఫీ తాగుతుంటాను.

ఇంకొక్క మాట ఉంది. అది చెప్పకుండా దిగిపోతే ఈ హాయి సగమే. కాసిని మంచినీళ్లు ఇస్తారా. (నీళ్లు తాగారు)

పదకొండేళ్ల కిందట, ఈ కోకాపేట ఆఫీసుకు రాకముందు, మాదాపూర్ ఆఫీసులో ఉండగా ఒక కొత్త నిబంధన పెట్టాను. నెలాఖరు జాబితాలో ఎవరి పేరు మొదట ఉంటే వాళ్లకి హెచ్చరిక లేఖ, ఆ ఏడాది ప్రమోషన్ లేదు. మొదటి నెల జాబితా వచ్చింది. మొదటి పేరు యజ్ఞనారాయణ, అరవై ఒక్క గంటలు. అంటే నేనే. ఒక సైటుకు తాళం వెయ్యాలంటే ముందు దాన్ని తెరిచి చూడాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అలా చూసింది నలభై గంటలే. మిగతా ఇరవై ఒక్క గంటలూ గోదావరి వంతెన దాటే రైళ్ల వీడియోలు చూశాను. (నవ్వులు)

నవ్వకండి. నేను పెన్ను తీసి నా పేరు కొట్టేశాను. రెండో పేరు మొదటిదయింది. ఆ పేరు స్రవంతిగారిది.

ఆవిడకప్పుడు ఎనిమిది నెలల పాప, నీహారిక. బాచుపల్లిలో పిల్లల్ని చూసుకునే కేంద్రంలో వదిలి వచ్చేవారు. అక్కడి కెమెరాలో పాప కనిపించేలా స్క్రీను మూలన చిన్న కిటికీ తెరిచిపెట్టుకుని పని చేసుకునేవారు. పిలిపించి అడిగితే, "పాప సార్. కొత్త జాగ గదా, లేచి ఏడుస్తదేమోనని" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "నిబంధన అందరికీ ఒకటేనమ్మా" అన్నాను. లేఖ ఇచ్చాను, జాబితా కాగితం దానికి జతచేసి మరీ ఇచ్చాను. ఆ సాయంత్రం నుంచి ఆ కిటికీ తెరుచుకోలేదు. తరవాతి నెల జాబితాలో ఆవిడ పేరే లేదు. అది చూసి నాకు అన్నం సయించలేదు, అయినా నోరు విప్పలేదు.

ఈ పొద్దున హెచ్‌ఆర్‌కి ఉత్తరం ఇచ్చాను. ఆ హెచ్చరిక ఆవిడది కాదు, నాది, ఆవిడ ఫైలులోంచి తీసి నా ఫైలులో పెట్టండి అని. స్రవంతిగారూ, తప్పు చేశాను. భయపడి చేశాను. నన్ను క్షమించండి.

(అధ్యక్షురాలు స్రవంతి తన ముందున్న మైకు దగ్గరికి జరుపుకున్నారు.)

"సార్, నాకా దినమే తెల్సు. మీరిచ్చిన కాగితం లైటుకు పెట్టి చూస్తే, కొట్టేసిన గీత కింద మీ పేరు మంచిగనే కనవడ్డది. మీరే చెప్తరని చూసిన. ఇయ్యాల గూడ చెప్పకపోతే, నా వంతు వచ్చినప్పుడు నేనే చెప్దామనుకున్న."

(చాలాసేపు నవ్వులు, చప్పట్లు)

చూశారా, పది నిమిషాల తేడాతో బతికిపోయాను. పుణ్యవతీ, నువ్వు కళ్లు తుడుచుకో, నేనూ తుడుచుకుంటాను. నన్ను ఇన్నేళ్లు భరించిన మీ అందరికీ, నా తప్పు నా నోటితోనే చెప్పనిచ్చిన స్రవంతిగారికి కృతజ్ఞతలు. ఇక సెలవు.